ప్రాజెక్టుల వేలిముద్రల విభాగం

గోస్తనీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో చివరి ఏడాది ప్రాజెక్టు ఎవరూ రాయరు. కొంటారు. ఇది రహస్యమేమీ కాదు. విశ్వవిద్యాలయం గేటుకు ఎదురుగా టిఫిన్ హోటలు మేడ ఎక్కితే అప్సర ప్రాజెక్ట్స్ ఉంటుంది. యజమాని గేదెల చిన్నంనాయుడు. గ్రంథాలయ నిర్వహణ, ఆసుపత్రి నిర్వహణ, హాస్టలు నిర్వహణ అనే సాఫ్టువేర్లు ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. కోడు, బైండు చేసిన రిపోర్టు, వైవాలో అడగబోయే ప్రశ్నలు, వాటికి జవాబులు, అన్నీ ఒకే సంచిలో పెట్టి ఇస్తాడు.

కిందటేడు వైవాకి బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఒక కుర్రాడి రిపోర్టు తెరిస్తే, మొదటి పేజీలో వేరే విద్యార్థి పేరు ఉంది. ఇదేమిటని అడిగాడు. "కలం పేరు సార్" అన్నాడు కుర్రాడు. మరి కాలేజీ పేరు కూడా వేరేది ఉందేమంటే, "అదీ కలం పేరే సార్" అన్నాడు. ఎగ్జామినరు ఆ ముచ్చటను తనలో దాచుకోలేదు. వెళ్ళిన ప్రతి చోటా భోజనాల దగ్గర చెప్పాడు. అది చేతులు మారి, చివరికి ఢిల్లీలో ఒక సదస్సులో, పెరుగన్నం తింటున్న వైస్ ఛాన్సలర్ గరిమెళ్ళ విశ్వపతిగారికి వేరే రాష్ట్రం ఆయన నోట వినపడింది.

విశ్వపతిగారు సివిల్ ఇంజనీరు. కాంక్రీటులో పగుళ్ళ మీద డాక్టరేటు చేశారు. ఆ సదస్సులోనే ఎవరో ఫైళ్ళ గుర్తింపు మీద ప్రసంగిస్తే ముందు వరసలో కూర్చుని విన్నారు. ఊరికి తిరిగి రాగానే భానోజీరావును పిలిపించారు.

ద్వారపురెడ్డి భానోజీరావు కంప్యూటర్ సైన్సులో అసోసియేట్ ప్రొఫెసరు. కమిటీలో వేస్తామంటే వద్దనడం చేతకాని మనిషి. దానివల్ల విశ్వవిద్యాలయంలో ఏ పొరపాటు జరిగినా ఆ ఫైల్లో ఎక్కడో ఒకచోట ఆయన సంతకం ఉంటుంది.

"ప్రతి మనిషికీ వేలిముద్ర ఉన్నట్టే ప్రతి ఫైలుకీ ఒక ముద్ర ఉంటుందయ్యా" అన్నారు వీసీగారు. "హ్యాష్ అంటారు. ఫైలును ఒక లెక్కలో వేస్తే అక్షరాలూ అంకెలూ కలిసిన వరస ఒకటి వస్తుంది. ఒకే ఫైలు ఎక్కడున్నా ఒకే వరస. నిజమేనా?"

"నిజమేనండి."

"ఫైల్లో ఒక్క చుక్క మారితే చాలు, వరస మొత్తం మారిపోతుంది. ఇదీ నిజమేనా?"

"నిజమేనండి. కాని అక్కడే మనకి..."

"అంత కచ్చితం అన్నమాట" అన్నారు వీసీగారు. "సిమెంటుకు లేదు ఇంత కచ్చితం."

ఒక్క చుక్క మారిస్తే ఎవరూ దొరకరని భానోజీరావు చెప్పబోయాడు. ఒక్క చుక్కను కూడా వదిలిపెట్టదని వీసీగారు అర్థం చేసుకున్నారు. భానోజీరావు గది బయటికి వచ్చేసరికి ప్రాజెక్టుల వేలిముద్రల విభాగానికి సమన్వయకర్త అయ్యాడు.

సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా సమస్త విద్యార్థులకు తెలియజేయడమేమనగా, అంగడిలో లభ్యమగు ప్రాజెక్టు ప్యాకేజీలలోని ఫైళ్ళ వేలిముద్రలను విశ్వవిద్యాలయము సేకరించుచున్నది. తెలిసిన ఫైలు కలిగిన ప్రాజెక్టు నకలుగా పరిగణింపబడును. తెలియని ఫైళ్ళు మాత్రమే కలిగిన ప్రాజెక్టు స్వకీయముగా భావింపబడును."

ముద్రలు సేకరించాలంటే ముందు ప్యాకేజీలు కొనాలి. కొనాలంటే మూడు కొటేషన్లు కావాలి. అప్సర ప్రాజెక్ట్స్, రంభ ప్రాజెక్ట్స్, మేనక ప్రాజెక్ట్స్ అనే మూడు సంస్థల నుంచి కొటేషన్లు వచ్చాయి. మూడింటికీ ఫోను నంబరు ఒకటే. స్టోర్స్ సెక్షను మూడింటినీ క్షుణ్ణంగా పోల్చి చూసి, అప్సరను ఎంపిక చేసింది.

సరుకు అప్పగించడానికి చిన్నంనాయుడు తనే వచ్చాడు.

"ఏటి సార్, రకానికొకటి సొప్పున అన్నీ కొనేస్తన్నారు. ఈయేడు యూనివర్సిటీ కూడా పరీక్షకి కూకుంటాదా?"

భానోజీరావు విషయం చెప్పాడు. ఆయనకు దాచడం కూడా చేతకాదు. చిన్నంనాయుడు శ్రద్ధగా విని ఒకే ఒక ప్రశ్న వేశాడు.

"ఒక్క చుక్క మారితే మొత్తం ముద్ర మారిపోద్దా సార్?"

"మారిపోతుంది."

చిన్నంనాయుడు సరుకు ముట్టినట్టు రసీదు మీద సంతకం పెట్టించుకున్నాడు. "మంచి సదువు సార్ మీది" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ ఏడాది ప్రాజెక్టు సొంతంగా రాస్తున్న విద్యార్థి ఒక్కతే ఉంది. జలుమూరు హైమవతి. భానోజీరావే ఆమెకు గైడు. వాళ్ళ నాన్న, మేనమామలు బస్సు కాంప్లెక్సు దగ్గర షేర్ ఆటోలు నడుపుతారు. ఆ స్టాండులో ఎవరి బండి ముందు, ఎవరిది వెనక అనే తగువు పొద్దున్న మొదలైతే ఆఖరి ట్రిప్పు దాకా సాగేది. హైమవతి ఆ వరసను ఫోనులో చూపించే సాఫ్టువేరు రాసింది. స్టాండువాళ్ళు అప్పటికే దాన్ని వాడుతున్నారు. కొట్టుకోవడం మాని తిట్టుకోవడం దగ్గర ఆగారు. హైదరాబాదులో ఒక కంపెనీ అది చూసి ఆమెకు ఉద్యోగం ఇస్తానంది. జులైలోపు డిగ్రీ చేతిలో ఉండాలని ఒకటే షరతు.

"ఈ ముద్రల గొడవేటి సార్? నాకేటైనా అవుద్దా?" అని అడిగింది ఆమె.

"నువ్వు సొంతంగా రాశావు. నీకేమవుతుంది?" అన్నాడు భానోజీరావు. ఈ మాట నమ్మే అన్నాడు.

ఇంతలో రెండో సర్క్యులర్ వచ్చింది. ఇది కంప్యూటర్ సెంటర్ నుంచి. దాని డైరెక్టరు ఆచార్య పసుమర్తి శారదాంబగారు. ఆమెకూ వీసీగారికీ సమావేశాల్లో తప్ప మాటల్లేవు, ఉత్తరాలే. అర్ధసంవత్సర పరీక్షలప్పుడు ఏదో వైరస్ చొరబడి, హాల్‌టికెట్ల మీద విద్యార్థుల ఫొటోలు ఉండాల్సిన చోటల్లా గాడిద బొమ్మ పెట్టింది. ఇన్విజిలేటర్లు ఆ టికెట్లను మొహాలతో పోల్చి చూసి అందరినీ లోపలికి పంపారు. కాబట్టి పరీక్షలు ఆగలేదు కాని, శారదాంబగారికి తలవంపులయ్యాయి. ఆమె కూడా ముద్రలనే ఆశ్రయించారు. లోకంలో పేరున్న సాఫ్టువేరు ప్యాకేజీలన్నిటి ఫైళ్ళ ముద్రలు ఉన్న జాబితా ఒకటి తెప్పించి ల్యాబు కంప్యూటర్లలో పెట్టించారు. ఫైలు జాబితాలో ఉంటే తెరుచుకుంటుంది. లేకపోతే "తెలియని ఫైలు, అనుమతి లేదు" అని తెర మీద వస్తుంది.

భానోజీరావు రెండు సర్క్యులర్లూ పక్కపక్కన పెట్టి చదివాడు. తెలియని ఫైళ్ళున్న ప్రాజెక్టునే విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుంది. తెలిసిన ఫైళ్ళనే ల్యాబు నడవనిస్తుంది. ఆయన శారదాంబగారి దగ్గరికి వెళ్ళాడు.

"మేడమ్, ఒప్పుకున్న ప్రాజెక్టు నడవదు. నడిచే ప్రాజెక్టును ఒప్పుకోరు."

"నా బాధ్యత భద్రత వరకేనండి" అన్నారామె. "తెలియనిది ఏదీ నా గడప తొక్కకూడదు."

ఆ మాట పూర్తవుతుండగా ఆమె వెనకనున్న కంప్యూటరు తెర మీద గాడిద ప్రత్యక్షమైంది.

"మేడమ్, వైరస్ మళ్ళీ వచ్చింది."

శారదాంబగారు వెనక్కి తిరిగి చూశారు. "అది పర్వాలేదు. ప్రపంచమంతా ఎరిగిన వైరస్. జాబితాలో ఉంది."

భానోజీరావు అక్కణ్ణుంచి రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళాడు. రిజిస్ట్రారు రెండు కాగితాలూ చూసి, ఒకదాన్ని కుడివైపు డ్రాయరులో, రెండోదాన్ని ఎడమవైపు డ్రాయరులో పెట్టాడు.

"ఇవి వేరే వేరే సెక్షన్ల నుంచి వచ్చాయి. విడివిడిగా చదవండి. విడిగా చదివితే రెండూ బాగున్నాయి. మీరు కలిపి చదవబట్టి ఇబ్బంది వచ్చింది."

ప్రాజెక్టులు వచ్చాయి. విభాగం వాటన్నిటి ముద్రలూ తీసి తన జాబితాతో పోల్చింది. ఫలితం చూసి వీసీగారు మిఠాయి తెప్పించారు. దాదాపు ప్రాజెక్టులన్నీ స్వకీయాలే. ఒక్క ఏడాదిలో విశ్వవిద్యాలయం మారిపోయింది.

ఏం జరిగిందో భానోజీరావు నాలుగు ఫైళ్ళు తెరిచి చూసేసరికి తెలిసింది. మన వైపు ఉత్తరం రాసినా, పచారీ సామాన్ల చీటీ రాసినా పైన ముందు శ్రీరామ చుట్టడం పెద్దల అలవాటు. చిన్నంనాయుడు తన ప్యాకేజీల్లో ప్రతి ఫైలుకూ మొదటి వరసలో శ్రీరామ చుట్టాడు. కంప్యూటరు చదవకుండా దాటేసే వరస అది. సాఫ్టువేరుకు ఏమీ కాదు. ముద్ర మాత్రం మొత్తం మారిపోతుంది. ఒకే ప్యాకేజీని ముగ్గురికి అమ్మితే రెండోదానికి గోవింద నామం పెట్టాడు, మూడోదానికి పైడితల్లమ్మ పేరు పెట్టాడు. క్రైస్తవ విద్యార్థులకు "ప్రభువునకు స్తోత్రము" అని పెట్టాడు. ఒకే గ్రంథాలయ నిర్వహణ సాఫ్టువేరు సర్వమత సమానంగా అందరికీ స్వకీయమైంది.

దొరికినవాళ్ళు నలుగురు. వాళ్ళలో ముగ్గురు ఏమీ రాయకుండా, ఏమీ కొనకుండా, ఖాళీ ఫైళ్ళు ఇచ్చిన కుర్రాళ్ళు. ఖాళీ ఫైలు ఎవరిచ్చినా ముద్ర ఒకటే వస్తుంది. కొన్న ప్యాకేజీల్లోనూ ఒకటీ అరా ఖాళీవి ఉండబట్టి ఆ ముద్ర జాబితాకెక్కింది. నాలుగో మనిషి హైమవతి.

మాల్‌ప్రాక్టీసు కమిటీ కూర్చుంది. ముందు ఖాళీ కుర్రాళ్ళను పిలిచారు.

"ఒకడు ఖాళీగా ఇచ్చాడంటే నమ్మవచ్చు" అన్నాడు రిజిస్ట్రారు. "ముగ్గురూ అక్షరం తేడా లేకుండా ఒకే విధంగా ఖాళీగా ఎలా ఇస్తారు?"

"ఎవరి ఖాళీ ఆళ్ళే ఇచ్చుకున్నాం సార్" అన్నాడు ముందున్న కుర్రాడు.

"ఎవరు ఎవరిది చూశారో చెబితే మిగిలిన ఇద్దరినీ వదిలేస్తాం."

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మూకుమ్మడి నకలు కింద కేసు రాసి, తర్వాత హైమవతిని పిలిచారు.

ఆమె ప్రాజెక్టులో క్యాలెండరు చూపించే ఫైలు, పట్టికలు గీసే ఫైలు, తెలుగు అక్షరాల ఫైలు, ఇలాంటివి చాలా ఉన్నాయి. ఎవరైనా వాడుకోమని లోకానికి వదిలిన ఫైళ్ళు అవి. చిన్నంనాయుడు ప్యాకేజీల్లోనూ అవే ఉండేవి. అక్కడి నుంచే జాబితాకి ఎక్కాయి. వరసను నిర్ణయించే ఫైళ్ళు మాత్రం హైమవతి సొంతం. అవి కొన్నే.

"ఈ క్యాలెండరు నువ్వు రాశావా?" అన్నారు వీసీగారు.

"లేదు సార్. అది అందరూ వాడుకునేదే."

"ఒప్పుకుంటోంది" అన్నాడు రిజిస్ట్రారు, రాసుకుంటూ.

"సార్, మీరు వంతెన కడితే సిమెంటు కూడా మీరే తయారు చేస్తారా?"

కమిటీ ఉలిక్కిపడింది. విశ్వపతిగారికి మాత్రం తన సబ్జెక్టులో ప్రశ్న రావడం నచ్చింది.

"మంచి ప్రశ్న. సిమెంటు కొంటాం. కాని బస్తా మీద ముద్ర చూసి కొంటాం."

"దీనికీ ముద్ర ఉంది కద సార్. అది చూసే నన్ను పట్టుకున్నారు."

వీసీగారు ఆలోచించారు. ఆయన మనసు కాస్త మెత్తబడిందని భానోజీరావు కనిపెట్టాడు. గబుక్కున లేచి, తెలిసిన ఫైలు ఒక్కటి కూడా లేకుండా ప్రాజెక్టును మళ్ళీ సమర్పించే అవకాశం ఇప్పించమని కోరాడు. లేకపోతే ఏడాది డిబార్. ఉద్యోగం పోయినట్టే. కమిటీ గడువు ఇచ్చింది, "సదరు విద్యార్థిని సమస్తమును మొదటి నుండి స్వయముగా రచించవలెను" అనే షరతు మీద.

బయట వరండాలో హైమవతి గోడకు ఆనుకుని నిలబడింది.

"క్యాలెండరు నాను రాస్తాను సార్. తెలుగు అక్షరాలు కూడా నన్నే రాయమంటే ఎలాగ? అ నుంచి ఱ దాకా నానే కనిపెట్టాల?"

భానోజీరావు చుట్టూ చూశాడు. "చిన్నంనాయుడు దగ్గరికి వెళ్ళు" అన్నాడు. తన ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఒక విద్యార్థికి ఆ సలహా ఇస్తానని ఆయన అనుకోలేదు. ఆమె కదలకపోవడం చూసి తనే వెంటబెట్టుకుని వెళ్ళాడు.

అప్సర ప్రాజెక్ట్స్ కిటకిటలాడుతోంది. చిన్నంనాయుడు భానోజీరావును చూసి కుర్చీ వేయించాడు. హైమవతి తెచ్చిన పెన్‌డ్రైవు పెట్టి ఫైళ్ళు చూశాడు. కిందికీ పైకీ చూశాడు.

"ఇది ఏ సెంటర్లో కొన్నావమ్మా? నాకాడ ఇలాటి సరుకు లేదే."

"నానే రాసినాను అన్నా."

"మొత్తం?"

"సిమెంటు తప్ప."

చిన్నంనాయుడికి అర్థం కాలేదు కాని అడగలేదు. "సరే. దేముడు ఎవరు? శ్రీరామ ఉన్నాది, ఎంకన్నబాబు ఉన్నాడు, అమ్మోరు ఉన్నాది. మొన్నొకడు సినిమా హీరో పేరు పెట్టమన్నాడు. పెట్టీసినాను. ముద్ర మారిందా లేదా, అదే గదా మనకి."

"ఇది దొంగపని కాదా అన్నా?"

"దొంగసరుక్కి పెడితే దొంగపనమ్మా. సొంత సరుక్కి పెడితే బొట్టు."

హైమవతి ఆలోచించింది. వాళ్ళ నాన్న ఆటో వెనక అద్దం మీద "అమ్మ దీవెన" అని రాసి ఉంటుంది. స్టాండులో సగం బండ్ల మీద అదే ఉంటుంది. ప్రతి ఫైలు పైనా అదే పెట్టమంది. చిన్నంనాయుడు మీట నొక్కాడు. క్యాలెండరుకు, పట్టికలకు, తెలుగు అక్షరాలకు, అన్నిటికీ అమ్మ దీవెన దొరికింది.

మర్నాడు విభాగం ముద్రలు తీసింది. తెలిసిన ఫైలు ఒక్కటీ లేదు. ఇంత తక్కువ గడువులో తెలుగు అక్షరాలను సొంతంగా తయారు చేసిన విద్యార్థిని విశ్వవిద్యాలయానికి గర్వకారణమని వీసీగారు ఫైలు మీద రాశారు.

వైవా రోజు వచ్చింది. ఎగ్జామినరు కిందటేడు వచ్చిన ఆయనే. కలం పేర్ల లాంటి ముచ్చట మరొకటి దొరుకుతుందేమోనన్న ఆశతో ఒక రోజు ముందే వచ్చి గెస్టుహౌసులో దిగాడు.

"నడిపించండి" అన్నాడు మొదటి విద్యార్థితో.

విద్యార్థి నడిపించాడు. "తెలియని ఫైలు, అనుమతి లేదు" అంది కంప్యూటరు. రెండో విద్యార్థికీ అదే మాట. మూడోవాడి కంప్యూటరు మీద గాడిద కనిపిస్తే ఎగ్జామినరు సంతోషించి, "ఇదేం ప్రాజెక్టు?" అని అడిగాడు. అది ప్రాజెక్టు కాదని, ల్యాబుదేనని చెప్పారు.

శారదాంబగారిని పిలిచారు. ఆ ఫైళ్ళను తన జాబితాలో చేర్పించుకుంటే నడుస్తాయన్నారామె. జాబితాలో చేరితే అవి తెలిసిన ఫైళ్ళవుతాయని, వెంటనే నకళ్ళవుతాయని భానోజీరావు చెప్పాడు. వీసీగారిని పిలిచారు. ఆయన ల్యాబు మధ్యలో నిలబడి ఇద్దరి వాదనా విన్నారు.

"సివిల్ పరీక్షలో వంతెన కట్టి చూపించమని మేం ఎవరినీ అడగం" అన్నారు. "కట్టినట్టు భావిస్తాం. ఇక్కడా అంతే. భావించండి."

రిజిస్ట్రారు దాన్ని ఉత్తర్వు భాషలోకి మార్చి అక్కడికక్కడే టైపు చేయించాడు. "సాఫ్టువేరు నడచుటకు వీలు లేనందున, అభ్యర్థి స్వయముగా సాఫ్టువేరు స్థానమున కూర్చుండి, పరీక్షకుడు ఇచ్చు ఆదేశములకు తగిన ఫలితములను నోటితో ఇవ్వవలెను. ఈ సందర్భమున అభ్యర్థియే సాఫ్టువేరుగా భావింపబడును."

మొదటి సాఫ్టువేరు మజ్జి శ్రీచరణ్. గ్రంథాలయ నిర్వహణ, శ్రీరామ రకం. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"నేను పాస్‌వర్డు తప్పు కొట్టాను" అన్నాడు ఎగ్జామినరు. "ఏమవుతుంది?"

"మీరెందుకు తప్పు కొడతారు సార్, పెద్దోరు."

"కొట్టాననుకో."

"పర్లేదు సార్. లోపలికొచ్చీండి."

"సరే. ఒక విద్యార్థి పుస్తకం తీసుకుని గడువులోపు తిరిగివ్వలేదు. ఏం చేస్తావు?"

శ్రీచరణ్ మొహం మారింది. "సార్, అది నాను ఇచ్చీసినాను. లైబ్రేరియన్ గారు రాసుకోలేదు."

తర్వాత వచ్చిన ఆసుపత్రి నిర్వహణ సాఫ్టువేరు, రోగి పేరు కొట్టగానే "నడుస్తుంది సార్" అంది. రోగికి ఏ వార్డు ఇచ్చావంటే "నడుస్తుంది సార్" అంది. రోగి చనిపోయాడంటే కూడా అదే అంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఆ జవాబు బాగుందని బయట తెలుసుకుని, లోపలికి వచ్చి అదే చెప్పారు. ఎగ్జామినరు సున్నాలు వేసుకుంటూ పోయాడు.

హైమవతి వంతు వచ్చేసరికి ఆయన ఆవలిస్తున్నాడు. భానోజీరావు గోడ పక్కన నిలబడ్డాడు.

"ఏం సాఫ్టువేరు నువ్వు?"

"ఆటో స్టాండు వరస సార్."

"అయితే నేను డ్రైవర్ని. పేరు సూరిబాబు. ఇప్పుడే స్టాండుకొచ్చాను."

హైమవతి నడుం నిటారుగా పెట్టి ఎదురుగా ఉన్న గోడను చూసింది. "సూరిబాబు, వరసలో మీది నాలుగో బండి. ముందు మూడున్నాయి."

"నాకు తొందర. పక్కనుంచి ముందుకి దూర్చేస్తాను."

"గీత దాటినారు. వరస ఆఖరికి ఎల్లిపోయినారు."

"గీత దాటానని నీకెలా తెలుసు?"

"మీ ఫోను ఎక్కడుందో తెలుస్తాది."

"ఫోను ఇంట్లో మర్చిపోయాను."

"మీ ఎనక బండి ఆయన సాక్షి చెప్పాల."

"వాడికీ నాకూ పడదు."

"ఆయన ఎనకాల ఆయన చెప్పొచ్చు."

"వాడు మా బావమరిది."

"చెల్లదు. బావమరిది అని పేరెక్కించినప్పుడే రాసుకున్నాం."

"అదెందుకు రాసుకున్నారు?"

"మా స్టాండులో తగువులన్నీ బావమరుదులవే సార్."

ఎగ్జామినరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "సరే. బండిలో నిండు గర్భిణి ఉంది. ఇప్పుడేమంటావు?"

"వరస లేదు. ఎల్లిపోండి. తిరిగొచ్చినాక మీ నాలుగో నంబరు మీకే ఉంటాది."

"అది చూసి ఇంకొకడు వాళ్ళావిడని బండిలో కూర్చోబెట్టుకుని గర్భిణి అన్నాడు."

"నెలకి ఒకసారికే ఒప్పుకుంటాను."

ఎగ్జామినరు గెడ్డం గోక్కున్నాడు. ఆయనకు పట్టుదల వచ్చింది. "రెండు బండ్లు సరిగ్గా ఒకే క్షణంలో గీత దగ్గరికి వచ్చాయి. ఏది ముందు?"

హైమవతి మాట్లాడలేదు. రెప్ప కొట్టలేదు. చేతులు ఒళ్ళో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"అమ్మాయ్" అన్నాడు ఎగ్జామినరు. జవాబు లేదు. శారదాంబగారు మంచినీళ్ళు తెమ్మని కేక వేశారు. చివరికి భానోజీరావే దగ్గరికి వెళ్ళి భుజం తట్టాడు.

"ఏమైందమ్మా హైమా?"

"ఆగిపోయింది సార్" అంది హైమవతి, మామూలుగా. "రెండు బండ్లు ఒకేసారి వస్తే మా సాఫ్టువేరు ఆగిపోద్ది. తప్పు ఎక్కడుందో తెలిసింది గాని ఇంకా సరిచెయ్యలేదు."

ఎగ్జామినరు మార్కుల కాగితం మీద ఏదో రాసి, దాని కింద రెండు గీతలు గీసి, కలం మూత పెట్టాడు.

మార్కులు ఖరారు చేసే సమావేశంలో ఆయన చెప్పింది ఒకటే మాట. ఇక్కడ ప్రాజెక్టు రాసినది ఒక్క అమ్మాయే, ఆ అమ్మాయి పాసైంది, మిగిలినవాళ్ళు లేదు. ఆ మాట చెప్పి ఆయన రైలుకు వెళ్ళిపోయాడు. శారదాంబగారు లేచి నిలబడ్డారు.

"నాకు అభ్యంతరం ఉంది. వైవా రోజున నా ల్యాబులో ఒక సాఫ్టువేరు నడిచింది. అది నా జాబితాలో లేదు."

"ఏ సాఫ్టువేరు?" అన్నారు వీసీగారు.

"జలుమూరు హైమవతి."

రిజిస్ట్రారు తన ఉత్తర్వు తీసి చదువుకున్నాడు. "అభ్యర్థియే సాఫ్టువేరుగా భావింపబడును" అని తన సంతకంతోనే ఉంది.

"మిగిలినవారి మీద నాకు ఫిర్యాదు లేదు" అన్నారు శారదాంబగారు. "వాళ్ళెవరూ నడవలేదు. ఈ అమ్మాయి అందరి ముందూ నడిచింది. పైగా మధ్యలో ఆగిపోయింది కూడా. తెలియని సాఫ్టువేరును ఏం చేయాలో నా సర్క్యులర్లో ఉంది. తక్షణమే, శాశ్వతంగా, మళ్ళీ ప్రవేశించకుండా తొలగించాలి."

వీసీగారు సర్క్యులర్ చూశారు. ఉత్తర్వు చూశారు. తప్పు పట్టడానికి దేనిలోనూ పగులు కనపడలేదు. "సమన్వయకర్త ఏమంటారు?" అన్నారు.

వరండాలో హైమవతి, పక్కన ఖాకీ చొక్కాలో వాళ్ళ నాన్న కూర్చుని ఉన్నారని భానోజీరావుకు తెలుసు. ఆయన లేచాడు.

"తొలగించాల్సిందేనండి" అన్నాడు.

శారదాంబగారు ఆయన వైపు మొదటిసారి గౌరవంగా చూశారు.

"అయితే పద్ధతి ప్రకారం తొలగించాలి. క్రమశిక్షణ కింద తొలగిస్తే ముందు ఛార్జిమెమో ఇవ్వాలి. విచారణాధికారిని వేయాలి. తర్వాత ఆ అమ్మాయి పాలకమండలికి అప్పీలు చేసుకుంటుంది. తర్వాత హైకోర్టు. స్టే వస్తే అది తేలేదాకా ల్యాబుకు రానివ్వాలండి. కోర్టు సంగతి తెలుసు కదా మేడమ్, ఎన్నేళ్ళు నడుస్తుందో చెప్పలేం."

"నడుస్తుందా?" అన్నారు శారదాంబగారు.

"రోజూ నడుస్తుందండి."

ఆమె కూర్చున్నారు.

"మనిషిని విశ్వవిద్యాలయం నుంచి తక్షణం, శాశ్వతంగా, అప్పీలు లేకుండా పంపించే పద్ధతి రెగ్యులేషన్లలో ఒకటే ఉందండి" అన్నాడు భానోజీరావు. "డిగ్రీ ఇచ్చేయడం."

రిజిస్ట్రారు రెగ్యులేషన్ల పుస్తకం తిప్పాడు. అవునని తల ఊపాడు.

"డిగ్రీ ఇచ్చాక తిరిగి రారా?" అన్నారు శారదాంబగారు అనుమానంగా.

"ఇంతవరకూ ఎవరూ రాలేదండి."

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించారు. "విశ్వవిద్యాలయ భద్రత దృష్ట్యా జలుమూరు హైమవతి అను గుర్తింపు లేని సాఫ్టువేరును ప్రథమశ్రేణిలో తొలగించుటకు, నడవని కారణమున నిరపాయకరములని తేలిన మిగిలిన అభ్యర్థులను మరియొక సంవత్సరము విశ్వవిద్యాలయముననే ఉంచుకొనుటకు నిర్ణయించడమైనది."

డిగ్రీ సర్టిఫికెట్టు కోసం పాతవాళ్ళు నెలల తరబడి తిరుగుతుండే సెక్షనులో ఆ మధ్యాహ్నం కాగితం పరుగెత్తింది. అర్జీ అడగలేదు. నో డ్యూస్ అడగలేదు. భోజనానికి వెళ్ళిన గుమస్తాను వెనక్కి పిలిపించి అంటించాల్సినవి అంటించారు. వీసీగారు కారు ఎక్కబోతూ బానెట్ మీద పెట్టి సంతకం చేశారు. ఆమె దారిలో ఎక్కడా ఆగకుండా, కంప్యూటర్ సెంటర్ వైపు తిరగకుండా చూడమని ఇద్దరు సెక్యూరిటీ గార్డులను తోడిచ్చారు.

హైమవతి సర్టిఫికెట్టు రెండు చేతులతో పట్టుకుని గార్డుల మధ్య నడిచింది. వెనక వాళ్ళ నాన్న, ఆ పక్కన భానోజీరావు. ఏమి జరిగిందో ఆమెకు సగమే తెలుసు.

"సార్, ఇంతకీ నాను పాసయినట్టా, తీసీసినట్టా?"

"హైదరాబాదులో అడిగితే పాసైనట్టు" అన్నాడు భానోజీరావు, గొంతు తగ్గించి. "ఇక్కడ ఎవరైనా అడిగితే తీసేసినట్టు. తొందరగా నడువు తల్లీ. గేటు దాటేదాకా నవ్వకు."

హైమవతి గేటు దాటేదాకా నవ్వలేదు.